అక్క పేరు మీద వచ్చిన ఉత్తరం

మూడేళ్ల క్రితం చనిపోయిన మనిషి, తనకేమీ అభ్యంతరం లేదని టిక్కు పెట్టి పంపింది.

చేతిరాతమ్మ ఆ కాగితాన్ని కిటికీ వైపు తిప్పి చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. పేరు అదే. చిరునామా అదే. నాలుగో అంతస్తు, ఎడమవైపు ఫ్లాటు. సంతకం ఉండాల్సిన చోట సంతకం కూడా ఉంది. 

పుట్టుకతోనే వినపడని పిల్లలకు వినికిడి పరికరాలు పెట్టించే సంస్థ అది. చందాలు పంపినవాళ్లకు పంతొమ్మిదేళ్లపాటు కృతజ్ఞతలు చేత్తో రాసి పంపిన మనిషి కాబట్టి ఆఫీసంతా ఆమెని చేతిరాతమ్మ అనే పిలుస్తుంది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు.

ఏడాదిన్నర క్రితం ఆ పని ఏఐకి వెళ్లింది. ఆమె రాసిపెట్టుకున్న పాత కార్డులన్నీ దానికి ఎక్కించారు. ఎవరి మోకాలు నొప్పో, ఎవరి మనవరాలు ఏం చదువుతోందో, అన్నీ ఇప్పుడు దానికి తెలుసు. నెలకు సరిపడా ఉత్తరాలు గంటలో కుమ్మరిస్తుంది. చేతిరాతమ్మకు మిగిలింది కవర్లు అంటించే పని.

గుట్టు రట్టయింది ఇద్దరు తోడికోడళ్ల వల్ల. ఒకే ఇంట్లో ఉంటూ పదేళ్లుగా మాటల్లేని ఆ ఇద్దరూ, ఏ బుద్ధి పుట్టిందో, తమకొచ్చిన ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ‘మీ చల్లని నవ్వు మాకు ఇంకా గుర్తుంది’ అని ఇద్దరికీ ఉంది. ఇద్దరిలో ఎవరూ ఏనాడూ ఆ ఆఫీసు గడప తొక్కలేదు. చిన్నావిడ ఫోన్ చేసి నిలదీసింది.

"నా సంగతి సరే. మా తోడికోడలిది చల్లని నవ్వా? ఎప్పుడు చూశారండీ మీరు?"

డైరెక్టర్ కుర్రతనం ఇంకా పూర్తిగా పోని మనిషి. దాచడం చేతకాదు. అందరికీ ఒక కాగితం పంపించాడు: ఏడాదిన్నరగా మీకు ఉత్తరాలు రాస్తున్నది యంత్రం, ముందే చెప్పనందుకు క్షమించండి, ఇకమీదట కూడా అదే రాస్తే మీకు అభ్యంతరం ఉందా, లేదా? కింద రెండు గడులు. దాని కింద ‘ఎందుకు?’ అని ఒక గీత.

వారం నుంచీ జవాబులు వచ్చి పడుతున్నాయి.

‘యంత్రం రాస్తే, చందా కూడా ఆ యంత్రాన్నే అడగండి’ అని ఒక హెడ్‌మాస్టరు. ‘పిల్లల చెవుల్లోకి శబ్దం వెళుతోందా లేదా? అది చెప్పండి. ఉత్తరం పిల్లి రాసినా నాకొకటే’ అని ఒక నర్సు. ‘యంత్రం రాసిందని కోపం లేదు, కింద మనిషి సంతకం పెట్టారనే కోపం’ అని ఒకాయన. ఒక ముసలావిడ మాత్రం అభ్యంతరం ఉందనీ లేదనీ చెప్పకుండా ఇలా రాసింది: ‘పాత ఉత్తరాల్లో అక్కడక్కడ సిరా మరక ఉండేది. ఈ మధ్య మరక రావడం లేదేమిటా అనుకున్నాను.’

అది చదివి చేతిరాతమ్మ ఆ కాగితాన్ని విడిగా పక్కన పెట్టుకుంది. ఆ తర్వాత తీసిన కవరే ఇది.

కవరులో ఒకటి కాదు, రెండు కాగితాలున్నాయి. ఒకటి చనిపోయినావిడది. అభ్యంతరం లేదు అన్న గడిలో టిక్కు. ఎందుకు అన్న చోట, ‘ఎవరు రాసినా ఫర్వాలేదు. ఆపకండి, చాలు.’ రెండోది అదే ఇంట్లో ఉండే ఆవిడ తమ్ముడిది. అభ్యంతరం ఉంది. ‘మనిషే రాయాలి. తప్పులున్నా సరే.’

రెండు టిక్కుల చుట్టూ ఒకేలాంటి సున్నా. లిఫ్టుల తనిఖీ రిజిస్టర్లో మెకానిక్కులు పెట్టే గుర్తు అది. తమ్ముడు రిటైరైన లిఫ్ట్ మెకానిక్.

"ఏమైనా తేడా జవాబులున్నాయా మేడమ్?" డైరెక్టర్ వెనకనుంచి వచ్చాడు.

"పోయినవాళ్లు జవాబు రాస్తే ఏం చేస్తాం?"

"పోలీసులకి రాస్తాం. ఇంకొకరి పేరుతో సంతకం అంటే మామూలు విషయమా? ఎందుకు, అలాంటిదేమైనా వచ్చిందా?"

"ఊరికే అడిగాలెండి."

కాగితం ఫైలు కిందికి జారిపోయింది.

"శుక్రవారానికల్లా జాబితా తేలిపోవాలి," అన్నాడతను. "అభ్యంతరం ఉన్నవాళ్లు మీ చేతికి. లేనివాళ్లు యంత్రానికి. పోయినవాళ్ల పేర్లు పూర్తిగా తీసెయ్యాలి. పోయినవాళ్లకి కూడా ఉత్తరాలు పంపుతున్నామని బయటపడిందంటే, మిగిలిన కాస్త పరువూ పోతుంది."

చేతిరాతమ్మ తలూపింది.  కానీ ఆ తప్పు యంత్రానిది కాదు. తనది.

*

ఆ చనిపోయినావిడకి చేతిరాతమ్మ పెట్టుకున్న పేరు ఎర్రపెన్ను.

ఎర్రపెన్ను అచ్చుయంత్రాలు హోరెత్తే ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. చిన్నప్పుడే వినికిడి పోయింది కాబట్టి ఆ హోరు ఆవిడని ఏమీ చేసేది కాదు. మొదటి చందాకు కృతజ్ఞతగా చేతిరాతమ్మ రాసిన ఉత్తరం వారం తిరక్కుండానే వెనక్కొచ్చింది. నిండా ఎర్రసిరా దిద్దుబాట్లు. ‘మీ దాతృత్వాన్ని పొగడడానికి మాటలు లేవు’ అన్న వాక్యం పక్కన, ‘లేకపోతే ఈ పేజీ ఎలా నిండింది?’ అని ఉంది.

చేతిరాతమ్మకు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత జవాబు రాసింది.

అలా పన్నెండేళ్లు. ఇటునుంచి నీలం సిరా, అటునుంచి ఎరుపు. అందరూ ఉత్తరం చదివి పక్కన పడేస్తారు. ఎర్రపెన్ను ఒక్కతే ప్రతి అక్షరం చదివేది. ‘మూడో వాక్యం మీరు నమ్మి రాసింది కాదు’ అని అంచున రాసేది. నిజమే, అది నమ్మి రాసింది కాదు. చేతిరాతమ్మ భర్తకు కూడా ఆ సంగతి ఏనాడూ తెలియలేదు. ఆయన పోయి చాలా కాలమైంది, పాపం ఆయనదేం తప్పు.

ఎర్రపెన్ను రాసిన చివరి ఉత్తరం ఆమెకు కంఠతా వచ్చు. ‘మీ తప్పులు తగ్గిపోతున్నాయి. నాకు పని లేకుండా పోయేలా ఉంది. ఒకసారి మా ఇంటికి రండి. నేను పెదాలు చదవగలను. నోటితో ఏం తప్పులు చేస్తారో చూడాలి.’

దాతల ఇళ్లకు వెళ్లకూడదన్నది ఆఫీసు రూలు. అయినా చేతిరాతమ్మ ‘వచ్చే నెల తప్పకుండా వస్తాను’ అని రాసి, నీలంరంగు కవరులో పెట్టి పోస్టు చేసింది. నాలుగో రోజు ఫోన్ మోగింది. "మా అక్క పోయిందండీ," అన్నాడు తమ్ముడు. "మీకు చెప్పాలనిపించింది."

ఆ రోజు ఓదార్పు మాటలు రాయాలని కాగితం తీసింది. అన్నేళ్లలో మొదటిసారి పెన్ను కదల్లేదు. ఆఖరికి బీరువాలో ఉన్న అచ్చు సంతాప కార్డు ఒకటి తీసి, తమ్ముడి పేరు రాసి పంపేసింది. ఎర్రపెన్ను కార్డును తీసి ‘రద్దు’ అన్న పెట్టెలో వేయాలి. వేయలేకపోయింది. పెట్టెదాకా తీసుకెళ్లి, వెనక్కి తెచ్చి, ఎప్పటి చోటే పెట్టేసింది. చందా ఎప్పుడూ తమ్ముడే ఇద్దరి పేరునా కలిపి పంపేవాడు, అది ఆగలేదు. దాంతో ఎవరికీ అనుమానం రాలేదు. తను మాత్రం ఆ పేరుకి మళ్లీ రాయలేదు. తర్వాత కార్డులన్నీ యంత్రానికి ఎక్కించినప్పుడు ఆ కార్డూ వెళ్లింది. మొదటి నెల కవర్లు అంటిస్తుంటే ఆ పేరు కనబడింది. ఆపాల్సింది. ఆపలేదు. తనే అంటించి తనే పోస్టు డబ్బాలో వేసింది. అలా పద్దెనిమిది.

చనిపోయిన అక్కకు నెలనెలా ఉత్తరం వస్తుంటే ఆ తమ్ముడు ఏమైపోయి ఉంటాడు? అది తలుచుకుంటేనే ఆమెకు ముద్ద దిగలేదు. గురువారం పొద్దున సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కింది.

*

లిఫ్టు ఆగిన సంగతి కూడా తెలియనంత మెత్తగా ఆగింది. తలుపు బయట బనియను మీద చొక్కా వేసుకుంటూ ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"కుదుపు ఉందా?" ఇదే ఆయన మొదటి మాట.

"లేదండీ."

"ఉండదు. నేనున్నన్నాళ్లూ ఉండదు. ఎవరి కోసం?"

"మీ కోసమే సార్. నేను వినికిడి సంస్థ నుంచి... ఉత్తరాలు రాసేదాన్ని."

ఆయన ఆమెని కిందినుంచి పైకి చూశాడు. మొహం విప్పారింది. "నీలం సిరా మీరేనా! లోపలికి రండమ్మా. సార్ ఏంటి, నలభై ఏళ్లు గ్రీజులో మునిగినవాణ్ని. అన్నయ్యా అనండి, సరిపోతుంది."

హాలు చిన్నది. గోడవారగా రెండు కుర్చీలు, కిటికీ దగ్గర ఒక రాతబల్ల. బల్ల మీద ఎర్రపెన్నులున్న గ్లాసు, భూతద్దం. వాటి పక్కన తీరుగా పేర్చిన కవర్ల దొంతర. సంస్థ ముద్ర ఉన్న కవర్లు. చేతిరాతమ్మ దగ్గరికెళ్లి చూసింది. ఒక్కటీ విప్పలేదు.

దొంతర అడుగున నీలంరంగు అంచు ఒకటి తొంగి చూస్తోంది.

ఆమె కుర్చీలో కూలబడింది. వస్తూ వస్తూ దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ గాలికి పోయాయి.

"తప్పంతా నాదే అన్నయ్యగారూ. అక్కయ్యగారి కార్డు నేనే తియ్యలేదు. యంత్రానికి తెలియదు, అది రాసేసింది. పోయిన మనిషికి ఉత్తరాలు పంపి మిమ్మల్ని ఎంత బాధపెట్టామో..."

"బాధా?" ఆయన టీ గిన్నె పొయ్యి మీద పెట్టబోయి ఆగాడు. "బాధపడ్డది ఒక్కసారేనమ్మా. అక్క పోయిన వారానికి మీ దగ్గర్నుంచి అచ్చు కార్డు వచ్చింది చూశారూ, అప్పుడు. యంత్రం ఇంకా రాలేదుగా అప్పటికి?"

చేతిరాతమ్మ తల దించుకుంది.

"తప్పు పట్టడం లేదు. పెన్ను సాగలేదేమో అనుకున్నాను."

"సాగలేదు," అంది మెల్లిగా.

"అదే అనుకున్నాను."

ఆయన టీ పెట్టాడు. పాలు ఎక్కువైనందుకు పాలనే తిట్టాడు. ఆమె రెండు కాగితాలూ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మీరే రాశారు కదా, ఆవిడ పేరుతో?"

"ఆ టిక్కు చూసి పట్టేశారా? అక్కకి తెలిస్తే నాలుగు చీవాట్లు పెట్టేది, దొంగతనం కూడా చేతకాదు వీడికి అని."

"నవ్వకండి. మా డైరెక్టరు పోలీసులంటున్నాడు."

"రమ్మనండి. లిఫ్టులో తీసుకొస్తాను."

"మీ కాగితంలో మనిషే రాయాలన్నారు. ఆవిడ కాగితంలో ఎవరు రాసినా ఫర్వాలేదన్నారు. ఎందుకలా?"

"నావి నేను చదువుతాను కాబట్టి." అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పాడు. "యంత్రం నాకు రాసిన ఉత్తరంలో, నా నడుము నొప్పి ఎలా ఉందని అడిగింది. నాలుగు నెలలు అదే ప్రశ్న. జవాబు వినేవాడు లేనప్పుడు నడుము సంగతి ఎవడిక్కావాలి? అదే మనిషి అడిగితే, మర్చిపోయి రెండోసారి అడిగినా నాకు సంతోషమే. అక్కవంటారా... అక్క ఉత్తరాలు ఎవరూ చదవరు. ఎవరూ చదవనిదాన్ని ఎవరు రాస్తే ఏం?"

"మీరు ఒక్కటి కూడా విప్పలేదా?"

"ఛ! అక్క పేరు మీద వచ్చినవి నేనెలా విప్పుతాను? ఈ టిక్కుల కాగితాలంటే రెండూ నా పేరున్న కవరులోనే వచ్చాయి. చిన్నప్పుడు ఒకసారి విప్పాను. చెవి మెలిపెట్టి వదిలింది. ఇప్పటికీ ఈ చెవి కొంచెం పెద్దది, చూడండి."

"మరి చదవనివాటిని ఆపొద్దని ఎందుకు రాశారు?"

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. పదకొండు కావస్తోంది. చెయ్యెత్తి ఆగమన్నాడు.

కింద వీధిలో సైకిలు స్టాండు వేసిన చప్పుడు. వెంటనే ఒక కేక. మామూలు కేక కాదు. నాలుగంతస్తులు ఎక్కి, వీధి చివరిదాకా పోయేంత కేక. ఎర్రపెన్ను పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా. "పోస్ట్!"

పెద్దాయన కుడికాలు దానంతటదే లేచి నేల మీద రెండుసార్లు గట్టిగా కొట్టింది. రాతబల్ల మీద ఎర్రపెన్నులు గలగలమన్నాయి.

ఆయన సిగ్గుపడ్డాడు. "అలవాటు. అక్కకి వినపడదుగా. నేల అదిరితే తెలిసేది. లోపలి గదిలో ఎక్కడున్నా వచ్చేసేది."

"అంత గట్టిగా అరుస్తాడేం ఆయన?"

"వినపడని మనిషని తెలిసే అలా అరిచేవాడు. తెలివి! పదిహేనేళ్లు అంతే. అక్క పోయిందని ఆయనకీ తెలుసు. ఉత్తరం మీద పేరుంటే పిలవాలండీ, డ్యూటీ అంటాడు."

లిఫ్టులో కిందికి వెళ్లి, కవరు తెచ్చి, దొంతర మీద పెట్టి అంచులు సరిచేశాడు. నీలం కవరుతో కలిపి పంతొమ్మిదోది. మొన్న చేతిరాతమ్మ తన చేత్తో అంటించిందే.

"నేను అరవై ఐదేళ్లు అక్కా అనే పిలిచానమ్మా," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "నాకంటే పెద్దది, పేరు పెట్టి పిలవకూడదుగా. ప్రెస్సు మూతపడింది. తోటివాళ్లు ఒక్కొక్కళ్లూ పోయారు. అక్క పేరు పైకి పలికే మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు ఆ సైకిలాయన ఒక్కడే. అదీ నెలకి ఒక్కసారి, కవరు వస్తేనే." అప్పుడు ఆమె వైపు తిరిగాడు. "దానికోసం తప్పుడు సంతకం పెట్టాను. ఇంకోసారి పెట్టమన్నా పెడతాను."

టీ చల్లారిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు.

రేపు శుక్రవారం. జాబితాలోంచి పేరు తీసేస్తే, వచ్చే నెల ఈ వీధిలో ఆ కేక ఉండదు. తీయకపోతే, తనే మళ్లీ అబద్ధానికి కవరు అంటించాలి. చేతిరాతమ్మ ఈ రెండింటి మధ్యా కూర్చుని, దొంతర అడుగున ఉన్న నీలం అంచు వైపే చూస్తోంది. ఆయన అది గమనించాడు.

"అది అక్క పోయిన మర్నాడు వచ్చింది," అన్నాడు. మెల్లిగా లాగి ఆమె ముందు పెట్టాడు. "పంపినవాళ్లకి తిరిగి ఇవ్వొచ్చు. అది తప్పు కాదు. తీసుకోండి."

మూడేళ్లుగా ఆమెను తొలిచేస్తున్నది ఈ కవరే. వస్తానన్న మాట చేరకముందే ఆ మనిషి వెళ్లిపోయింది. రాదనుకునే వెళ్లిపోయిందా?

"నేను వస్తానని రాశాను ఇందులో," అంది.  "ఆవిడకి తెలియకుండానే..."

"రమ్మని పిలిచానని చెప్పింది నాతో. రూలు ఉంటుందే, ఆవిడ రాదేమో అన్నాను. ఏమందో తెలుసా? ‘వస్తే కూర్చుని పోట్లాడుకుంటాం. రాకపోతే ఎందుకు రాలేదో ఉత్తరం వస్తుంది. అందులో కనీసం పది తప్పులుంటాయి’ అంది. ఆ చివరి వారమంతా ఆ మాటే చెప్పుకుని నవ్వింది. చేతులతో చెప్పేది కదా, నవ్వొస్తే చేతులు ఆగిపోయేవి."

చేతిరాతమ్మ నవ్వింది. కన్నీళ్లు చెంపల మీదికి జారాయి. ఈ పక్క కుర్చీలోనే కూర్చుని ఉండేది కాబోలు ఆవిడ. ఈ భూతద్దమే పట్టుకుని. ఒక్క వారం ముందు పుట్టినా బాగుండేది ఈ బుద్ధి తనకు. ఒక్క నెల ముందు.

నీలం కవరు తీసి, జాగ్రత్తగా మళ్లీ దొంతర అడుగునే పెట్టింది.

"ఇది నాది కాదు అన్నయ్యగారూ. ఆవిడది."

*

శుక్రవారం పొద్దున్నే డైరెక్టర్ గదిలోకి వెళ్లి ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. కార్డు తీయనిది తనే. అంటించింది తనే. సంతకం పెట్టింది తమ్ముడు.

డైరెక్టర్ చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు.

"పోలీసుల సంగతి మర్చిపోండి," అన్నాడు చివరికి. "కానీ పేరు మాత్రం ఉంచలేను మేడమ్. అభ్యంతరం లేదని మనకి చెప్పింది ఆవిడ కాదుగా."

"ఉంచమనడం లేదు. నేనే తీస్తాను."

తెర మీద ఎర్రపెన్ను పేరు వచ్చింది. దాని కింద పన్నెండేళ్ల కబుర్లు. ‘ఈ దాత వివరాలు తొలగించమంటారా?’ అని అడిగింది యంత్రం. చేతిరాతమ్మ వేలు ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత నొక్కింది. ఏ చప్పుడూ లేదు. పేరు లేదు.

తన బల్ల దగ్గరికి వచ్చి సంచిలోంచి సొంత కాగితం తీసింది. నీలం సిరా నింపుకుంది. ఈసారి పెన్ను సాగింది. ఎవరూ చదవరని తెలిసి రాస్తుంటే ఇంత తేలికగా ఉంటుందని ఆమెకు తెలియదు. నిన్న మీ ఇంటికి వచ్చానని రాసింది. మీ తమ్ముడి టీలో పాలు ఎక్కువని రాసింది. నేల రెండుసార్లు అదిరితే మీరు వస్తారేమోనని గుమ్మం వైపు చూశానని రాసింది. ఆఖరున, చేతికి అలవాటైన ముగింపు దానంతటదే వచ్చింది: ‘ఇకముందు కూడా మీ సహాయం...’

ఆగింది. ఆ ముక్క కొట్టేసింది. పంతొమ్మిదేళ్లలో ఎవరినీ ఏమీ అడగకుండా ముగిసిన మొదటి ఉత్తరం అదే. కొట్టివేత పక్కన సిరా మరక పడింది. తుడవలేదు.

కవరు మీద స్టాంపు అంటిస్తుంటే డైరెక్టర్ అటుగా వచ్చాడు. పేరు చదివాడు.

"ఆ స్టాంపు ఆఫీసుదా?"

"నాదే."

"దాతలకి సొంతంగా రాయకూడదని రూలు ఉంది."

"ఆవిడ ఇప్పుడు మన జాబితాలో లేదుగా."

అతను తల అటు తిప్పుకున్నాడు. "అయితే నేను చూళ్లేదు," అని వెళ్లిపోయాడు.

బుధవారం పదకొండు దాటి పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"వచ్చిందమ్మా," అన్నాడు మెకానిక్. ఊపిరి అందనట్టు మాట్లాడుతున్నాడు. "ఏం అరిచాడనుకున్నారు! ఎదురింటివాళ్లు కిటికీలు తెరిచారు. ఈసారి కవరు మీద చేతిరాత ఉందని ఇంకో అరుపు ఎక్కువ అరిచాడు."

చేతిరాతమ్మ రిసీవరును చెవికి గట్టిగా ఆనించుకుంది. "చదివారా?"

"ఛ!" అన్నాడాయన. "నా పేరు మీద వచ్చిందా ఏమన్నా?"